37వ ప్రశ్న గారికి ఒక విన్నపం

ఉభయకుశలోపరి. ఆరోగ్య సర్వే ఫారంలో బీపీ, షుగరు, నిద్ర అంటూ ముప్పై ఆరు ప్రశ్నలకు జవాబు చెప్పి అలిసిపోయిన మనిషి ముందు మీరు దయచేస్తారు. "గత ఏడాదిలో స్త్రీ అయినందువల్ల మీరు వివక్షకు గురయ్యారా? అవును / లేదు." రెండు గళ్లు చాలన్నమాట!

నేను కొన్నాళ్లు మిమ్మల్ని చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒకావిడ బాగా గుర్తుంది. మిమ్మల్ని చదవగానే "వివక్షంటే?" అంది. వివరించకూడదు, ఉన్నది ఉన్నట్టు చదవాలని ట్రైనింగులో చెప్పారు కాబట్టి మళ్లీ చదివాను. ఆవిడ పక్కగది వైపు చూసింది. అక్కడి నుంచి మగగొంతు: "అలాంటివేం లేవని రాసుకోమ్మా." ఆవిడా అదే మాట అంది. "లేదు" గడిలో టిక్కు పెట్టాను.

ఫారం మడుస్తుంటే, వానొచ్చేలా ఉందన్నంత మామూలుగా ఇంకో సంగతి చెప్పింది. ఛాతీలో నొప్పని వెళితే డాక్టరు గ్యాస్ అన్నాడట, టెన్షన్ పెట్టుకోకన్నాడట. అదే నొప్పని భర్త వెళితే ముందు ఈసీజీ తీశారట. "మగవాళ్లకైతే చూడాలి కదా" అని తనే సర్దిచెప్పింది. ఇది రాయడానికి మీ దగ్గర చోటేదీ? మీ లెక్కలో ఆవిడ సున్నా.

మీరు ప్రశ్న అడుగుతున్నాననుకుంటున్నారు గానీ, పెట్టేది పరీక్ష. జరిగింది అన్యాయమని ముందు తట్టాలి. అది ఆడదాన్నైనందుకేనని తేల్చుకోవాలి. ఆపైన ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పాలి. అన్నీ పాసైతేనే "అవును". పోలీస్ స్టేషనే లేనిచోట కేసుల్లేవు కాబట్టి దొంగలూ లేరన్నట్టుంది మీ వరస.

మీ "లేదు" ఎంత గట్టిదో 1990లోనే కొంత బయటపడింది. అమెరికాలో నాన్సీ క్రీగర్ అనే పరిశోధకురాలు జాతి, లింగ వివక్ష గురించి కొందరు మహిళల్ని అడిగారు. చిన్న అధ్యయనమే. అన్యాయం జరిగితే భరించి ఊరుకుంటామన్న నల్లజాతి మహిళలు, ఎదిరించి నలుగురితో చెప్పుకునేవాళ్లకంటే నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా తమకు హైబీపీ ఉందన్నారు. అసలేమీ జరగలేదన్న నల్లజాతి మహిళల్లోనూ, జరిగిందన్నవాళ్లకంటే హైబీపీ ఎక్కువే కనిపించింది! పెదవి దాచింది రక్తపోటు చెప్పేసిందేమో.

మీ దూరపు చుట్టం ఒకాయన ఉన్నాడు. 1997లో పరిశోధకుడు డేవిడ్ విలియమ్స్ బృందం తెచ్చిన రోజువారీ వివక్ష స్కేలు, అంటే వివక్షను కొలిచే ప్రశ్నల జాబితా. ఆయన వచ్చీ రాగానే వివక్ష అన్న మాటెత్తడు. మీకు మర్యాద తక్కువ ఇస్తారా, తెలివిలేనివారన్నట్టు చూస్తారా, ఎంత తరచుగా, అని అడిగి, ఎందుకనుకుంటున్నారన్నది తర్వాత అడుగుతాడు. ఆ "ఎందుకు" దగ్గర ఆయనా తడబడతాడు లెండి. మనిషి ఒకేసారి ఆడది, పేదది, లావుపాటిది కూడా కావచ్చు కదా.

ఎవరికీ తెలియకుండా జరిగినదాన్ని మాత్రం మీరిద్దరూ పట్టలేరు. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, గర్భం రాగల వయసు మహిళలను కొత్త మందుల తొలి దశ పరీక్షలకు దూరంగా ఉంచమంది. 1993లో గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. జోల్పిడెం అనే నిద్రమాత్ర ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుందని, వాళ్లకు మొదటి డోసు 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించమని అదే సంస్థ చెప్పింది 2013లో. అంతకు ముందు పొద్దున్నే మత్తు వదలక తూలిన ఆవిడను మీరు అడిగుంటే ఏమనేది? "రాత్రి సరిగ్గా పడుకోలేదండీ" అనేది. అది 36వ ప్రశ్న కిందికి వస్తుంది, మీకు సంబంధం లేదు.

వచ్చే సర్వేకి మీరు తప్పదంటే, కనీసం పక్కగది తలుపు మూసి రండి. డాక్టరు దగ్గర ఏం జరిగిందో ముందు అడగండి. పేరు మేం తర్వాత పెట్టుకుంటాం.

ఇట్లు,
మిమ్మల్ని మోసిన మనిషి

తా.క.: ట్రైనింగులో మా చేత కూడా ఒక ఫారం నింపించారు. సూపర్‌వైజరు గారు నా భుజం వెనకే నిలబడ్డారు. మీ దగ్గర నేను పెట్టిన టిక్కూ "లేదు" గడిలోనే ఉంది.