తీగ జోలికి పోకండి

బెజవాడలో ఇంటి నెట్‌కు రెండు స్పీడులు ఉంటాయి. ఒకటి బిల్లు మీద ఉంటుంది, రెండోది ఇంట్లో ఉంటుంది. ఈ రెండూ ఒకటి కావాలని ఈ మధ్య కొందరు కుర్రాళ్లు పట్టుదలగా తిరుగుతున్నారు. అది సమాజానికి మంచిది కాదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

పటమటలోనో సత్యనారాయణపురంలోనో ఒక గృహస్థు 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుంటాడు. వైఫైకి గోడలు అడ్డమొస్తాయని ఎవరో చెబితే కంప్యూటర్‌కు నేరుగా వైరే లాగించుకుంటాడు. స్పీడ్ టెస్ట్ కొడితే 94. మిట్టమధ్యాహ్నం ఎండకు బెంజ్ సర్కిల్ కూడా పలచబడిన వేళా 94. ఊరంతా ఐపీఎల్ చూస్తున్నప్పుడూ 94. అర్ధరాత్రి లేచి చూసుకున్నా అదే 94. పక్కన మంచం మీద పడుకున్న కొడుకు ఫోన్లో మాత్రం వైఫై మీదే 200 దాటుతుంది.

ఇంత నిలకడ మన ఊళ్లో కరెంటుకు లేదు, సిటీ బస్సుకు లేదు, నాయకులకు అసలే లేదు. లైన్లో రద్దీ వల్ల తగ్గిన స్పీడైతే గంటకో రకంగా ఊగుతుంది. ఊగకుండా 94 దగ్గరే బైఠాయించిందంటే, వైరుకు ఆ చివరా ఈ చివరా ఉన్న పెట్టెలు రెండూ, అంటే రౌటరూ కంప్యూటరూ, వంద చాలులే అని రాజీపడ్డాయన్నమాట. ఆ వందలో రవాణా ఖర్చులు పోగా మన చేతికొచ్చేది 94. ఈ రాజీ సంగతి కంప్యూటర్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ అన్న చోట 100/100 అని రాసే ఉంటుంది. దయచేసి అక్కడ చూడకండి. చూస్తే జబ్బేమిటో తెలిసిపోతుంది. తెలిసిపోయాక మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

మా అపార్ట్‌మెంట్ నాలుగో ఫ్లోర్ పెద్దాయన్ని చూడండి. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా కాలువల మీదే గడిచింది. బ్యారేజీ దగ్గర బందరు కాలువకు ఇన్ని క్యూసెక్కులు వదిలామని ఈయన రిజిస్టరు చూపించేవారట. శివారు ఆయకట్టు రైతు నెర్రెలిచ్చిన చేను చూపించేవాడట. ఇద్దరి మాటా నిజమే. మధ్యలో ఎక్కడో గుర్రపుడెక్క పేరుకుపోయి ఉండేది. అక్కడిదాకా వెళ్లి చూసే తీరిక మాత్రం ఎవరికీ ఉండేది కాదు. 1855లో ఆనకట్ట కట్టిన నాటి నుంచీ ఇదే వరసేమోనని నా అనుమానం.

ఇప్పుడు విధి ఆయన్నే శివారు రైతును చేసింది. కస్టమర్ కేర్ అమ్మాయి "మా వైపు నుంచి ఫుల్ స్పీడే వస్తోందండీ, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంది. పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, ఈ జవాబు ముప్పై ఏళ్లు నేను చెప్పాను" అన్నారు.

మర్నాడు నెట్ కుర్రాడు వచ్చాడు. హాల్లో నిలబడి, తన ఫోన్లో యాప్ తెరిచి, వైఫై మీద 210 చూపించాడు. "చూశారా సార్, మాది ఓకే. మీ సిస్టమే పాతది" అని బండెక్కాడు. వైరు చివర ప్లగ్గు బిగించే క్రింపింగ్ టూల్ బ్యాగులో ఉన్నది బ్యాగులోనే తిరిగి వెళ్లింది. ఉద్యోగధర్మం అంటే అదీ.

తర్వాత జరగాల్సినవన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. ప్లాన్ 500కు పెంచారు, 94. గవర్నర్‌పేట వెళ్లి నాలుగు కొమ్ముల రౌటర్ తెచ్చారు, 94. రౌటర్‌ను ఈశాన్యానికి మార్చారు, ఈశాన్యంలోనూ 94.

రెండో ఫ్లోర్ ఆయనది ఇంకో పోరాటం. ఫైలు దించుతుంటే 11 అని చూపిస్తోందట. "94 అని చెప్పి 11 ఇస్తారా?" అని వినియోగదారుల కమిషన్‌కు కాగితాలు సిద్ధం చేస్తున్నారు. టెస్ట్ లెక్క బిట్లలో, ఫైలు లెక్క బైట్లలో, ఎనిమిది బిట్లయితే ఒక బైటు అని చెప్పబోయినవాణ్ణి కంపెనీ మనిషిగా జమకట్టేశారు.

ఇక పెద్దాయన ఇంట్లో ఎవరూ చూడకూడని ఆ తీగ. రౌటర్ దగ్గర బయల్దేరి, తలుపు బందుల సందులో దూరి, తలుపు మూసిన ప్రతిసారీ ఒక నొక్కు తిని, ఇనప మంచం కోడు కింద నుంచి పాకి కంప్యూటర్ చేరుతుంది. చివర ప్లగ్గుకు ఉండాల్సిన ప్లాస్టిక్ నాలుక ఎప్పుడో విరిగింది. జారిపోకుండా ఇన్సులేషన్ టేపు చుట్టారు. లోపల ఎనిమిది సన్నని తీగలు, రెండేసి మెలేసి నాలుగు జతలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. వంద స్పీడుకు నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. 1999లో వచ్చిన గిగాబిట్ పద్ధతికి, అంటే వెయ్యి స్పీడుకు, నాలుగు జతలూ కావాలి. నీలంలో ఒక్క పోగు తెగినా లైటు ఆరదు, మెసేజ్ రాదు, నెట్ ఆగదు. పెట్టెలు రెండూ గుట్టుగా వందకు దిగిపోతాయి.

కొన్ని ఇళ్లలో తీగ తెగాల్సిన అవసరం కూడా లేదు. పొదుపరి పనివాడు ఒకే కేబుల్లోని నాలుగు తీగలు కంప్యూటర్‌కు, మిగతా నాలుగు టీవీ పెట్టెకు పంచేసి ఉంటాడు. చవకరకం కేబుల్లో రాగి పైపూతే, లోపల అల్యూమినియం. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. కొన్ని రకాల నెట్ పెట్టెల్లో నాలుగు సాకెట్లున్నా గిగాబిట్‌ది ఒక్కటే. ఆనవాయితీ ప్రకారం అందులో టీవీ ఉంటుంది.

ఇవన్నీ సరిచేయడం గంట పని, ఖర్చూ పెద్దగా ఉండదు. అందుకే వద్దంటున్నాను. ఊళ్లో అందరూ వైర్లు మార్చేస్తే మున్సిపల్ స్టేడియంలో పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్లు దేన్ని తిట్టుకుంటూ నడవాలి? పెద్ద ప్లాన్లు ఎవరికి అమ్మాలి? "ఏ కంపెనీ అయినా ఇంతే అండీ" అని నిట్టూర్చడంలో ఉన్న ఆ ఐకమత్యం మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

ఒక ఊరట ఏమిటంటే, నిజం బయటపడ్డా మనవాళ్లు తట్టుకోగలరు. వేసవి సెలవులకు గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన మనవడు, తాతయ్య మధ్యాహ్నం కునుకు తీస్తుండగా, బజార్లో కొత్త క్యాట్ సిక్స్ వైరు కొనుక్కొచ్చి పాతది పీకి పారేశాడు. టెస్ట్‌లో 470 దాటింది. పెద్దాయన లేచి, కళ్లజోడు పెట్టుకుని ఆ అంకె చూసి, గబగబా బాల్కనీలోకి వెళ్లి ఎదురు ఫ్లాట్ ఆయన్ని కేకేశారు.

"ఏమయ్యా, నిన్న ఫోన్లో వాళ్లను కడిగి పారేశానా, దెబ్బకు వదిలారు చూడు!"