మరమనిషి వంగిన మోకాలికి ఒక విన్నపం

మహారాజశ్రీ వంగిన మోకాలు గారికి,

ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. పది నిమిషాల నడకకే మీ మోటారు వేలు పెట్టలేనంతగా కాగిపోవడం ఇప్పుడే చూసి వస్తున్నాను. బడిలో గోడకుర్చీ వేసినవాళ్లకు మీ అవస్థ విడమరిచి చెప్పనక్కరలేదు. మాకు ఆ శిక్ష గంట కొట్టేదాకానే ఉండేది. మీరు మాత్రం ఏ తప్పూ చేయకుండానే, దొరగారి ముందు నిలబడ్డ గుమాస్తాలా ఏళ్ల తరబడి వంగే ఉన్నారు.

నేరం మాది. మీరు వంగి ఉండి, మరమనిషి బరువుకేంద్రం ఎత్తు మారకుండా సాగితే నడక లెక్క సులువవుతుందని, మిమ్మల్ని తయారుచేసిన మేమే అనుకున్నాం. పైగా మీరు పూర్తిగా చాచుకుంటే, పాదాన్ని కాలి పొడవునా కదిలించమన్నప్పుడల్లా మా సమీకరణం మోటారును అనంతమైన వేగం అడుగుతుంది కనుక, ఆ గండం తప్పించుకోవడానికి మిమ్మల్ని శాశ్వతంగా వంచేశాం. 2000లో లోకానికి పరిచయమైన హోండా వారి అసిమో అనే, మీలాగే మోకాళ్లు వంచి నడిచే మరమనిషిని చూసి అందరూ చప్పట్లు కొట్టారు. అయితే 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అంచనా ప్రకారం, అంతే బరువును అంతే దూరం తీసుకెళ్లడానికి అసిమోకు మనిషి కంటే సుమారు 16 రెట్ల శక్తి కావాలి. వినయం ఇంత ఖరీదైనదని మాకేం తెలుసు? అంతకు చాలా ముందే, 1990లో, టాడ్ మెక్‌గీర్ అనే ఇంజనీరు తయారుచేసిన, మోకాళ్లున్న నడక యంత్రం మోటారూ కంప్యూటరూ లేకుండానే, అడుగడుగునా కాలు నిటారుగా బిగించుకుంటూ వాలుబల్ల దిగింది.

అలాగని మనిషి మోకాలు కర్రముక్క కాదు. మడమ నేలను తాకగానే 15 నుంచి 20 డిగ్రీలు వంగి దెబ్బను మింగుతుంది, ఆపైన దాదాపు నిటారుగా నిలిచి ఒళ్లంతటి బరువునూ ఎముక మీదికి నెట్టేస్తుంది, కాలు గాలిలో ఊగేటప్పుడు 60 డిగ్రీల దాకా ముడుచుకుంటుంది. ఇది చూసి ఆశపడి, ఒక కుర్రవాడి కాళ్లకు మెరిసే బిళ్లలు అంటించి, కెమెరాల ముందు నడిపించి, ఆ కోణాలను ఉన్నవి ఉన్నట్టే మీకు ఎక్కించాం. మూడో అడుగుకే మీరు, కింద పడకుండా కట్టిన తాడుకు వేలాడారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఆ కుర్రవాడి చీలమండా కాలివేళ్లూ లేని మీకు అతని కోణాలు అప్పగించిన తెలివి మాదే.

అందుకే ఇప్పుడు ఏ క్షణానికి ఏ కోణమో ముందే రాసిపెట్టి, కోణాలను గడియారానికి కట్టడం మానేశాం. తుంటి ఎంత ముందుకు సాగిందో చూసి, దానిని బట్టే మీరు ఎంత ముడుచుకోవాలో తేలుస్తున్నాం. ఎవరైనా వెనక్కి నెడితే, తుంటి ఆగినంతసేపూ మీరూ ఆగుతారు, తొందరపెట్టేవారుండరు. నిలబడ్డ కాలి మీద మిమ్మల్ని దాదాపు నిటారుగా చాచమనే ఈసారి రాశాం. అలవాటు కొద్దీ మళ్లీ వంగబోతారని తెలుసు కాబట్టి, తాడు మాత్రం విప్పడం లేదు.

సోమవారం ఉదయానికి మోటారు చల్లారుతుందని ఆశిస్తూ,

ఇట్లు,
ఆ తాడు రెండో కొస పట్టుకున్నవాడు