యాగంటి బసవన్న పెరుగుదలకు ‘శాస్త్రీయ ధ్రువీకరణ’ ఉందన్న ప్రచారానికి ఖండన

నంద్యాల జిల్లా బనగానపల్లె సమీపంలోని యాగంటి ఉమామహేశ్వర క్షేత్రం గురించి ఒక సందేశం చాలాకాలంగా వాట్సాప్‌లోనూ ఫేస్‌బుక్‌లోనూ చేతులు మారుతోంది. అక్కడి నంది ఇరవై ఏళ్లకు ఒక అంగుళం చొప్పున పెరుగుతోందని, ఈ విషయాన్ని పురావస్తు శాఖ ధ్రువీకరించిందని, విగ్రహాన్ని చెక్కిన రాయికే పెరిగే స్వభావం ఉందని శాస్త్రజ్ఞులు తేల్చారని, నంది పెరగడం వల్లనే మండప స్తంభం ఒకటి తొలగించవలసి వచ్చిందని, కాలజ్ఞానం నిజమవుతోందనడానికి ఇదే సాక్ష్యమని, ఆ చుట్టుపక్కల కాకి అన్నదే కనబడదని దాని సారాంశం. యాగంటి బసవన్న మీద భక్తి ఉన్నవాడిగానే ఈ మాటలను ఒక్కొక్కటిగా పరిశీలించవలసి ఉందని నేను భావిస్తున్నాను.

పురావస్తు శాఖ ధ్రువీకరించిందన్న మాటతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే సందేశానికి బలమంతా ఆ ఒక్క వాక్యం నుంచే వస్తోంది. ధ్రువీకరణ అంటే ఎవరో ఒకరు ఒక తేదీన కొలిచి, మరికొన్నేళ్లకు అదే చోట మళ్లీ కొలిచి, రెండు అంకెలనూ నమోదు చేయడం. ఈ సందేశంలో కొలిచిన సంవత్సరం లేదు, కొలిచిన అధికారి హోదా లేదు, నివేదిక పేరు లేదు, ఆ రెండు అంకెలూ లేవు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ తన తవ్వకాల, పరిశోధనల వివరాలను ‘ఇండియన్ ఆర్కియాలజీ – ఎ రివ్యూ’ అనే వార్షిక సంచికలలో ప్రచురిస్తూ వచ్చింది కనుక, ఆధారం ఉన్నవారికి ఏ సంచికలో ఏ పుటలో ఉందో చెప్పడం కష్టం కాదు. ఎక్కడో ఎవరో రాసిన వాక్యాన్ని మరొకరు ఎత్తి రాయడం వల్ల అది నివేదిక అయిపోదు.

ఇక పెరుగుదల రేటు. ఇరవై ఏళ్లకు ఒక అంగుళం అంటే ఏడాదికి దాదాపు 1.27 మిల్లీమీటర్లు. ఇంత స్వల్పమైన మార్పును పట్టుకోవాలంటే కదలని బండ మీద ఒక గుర్తు పెట్టుకుని, విగ్రహం మీద నిర్ణీత బిందువుల వరకు దూరాన్ని ఏటా ఒకే రుతువులో, ఒకే వేళలో కొలవాలి. వేళ ఎందుకంటే రాయి వేడికి వ్యాకోచిస్తుంది. పది అడుగుల గ్రానైటు రాయిని చలికాలపు తెల్లవారుజామున ఒకసారి, ఇరవై డిగ్రీల వేడి పెరిగాక ఒకసారి కొలిస్తే దాదాపు అర మిల్లీమీటరు తేడా వస్తుంది, చల్లబడగానే ఆ తేడా పోతుంది. ఇటువంటి జాగ్రత్తలతో కొలిచామన్న మాట సందేశంలో ఎక్కడా లేదు.

రాయికి పెరిగే గుణం ఉందన్న వాదన పైకి నమ్మదగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే రాళ్లు పెరగడమన్నది ప్రకృతిలో ఒక అర్థంలో ఉన్నదే. యాగంటి ఉన్న ఎర్రమల ప్రాంతమంతా సున్నపురాతి గుహలకు పేరుపొందినది. అదే జిల్లాలోని బెలుం గుహలలో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలను చూడవచ్చు. పైనుంచి ఊరే నీరు తనలో కరిగించుకున్న సున్నాన్ని బొట్టుబొట్టుగా విడిచిపెట్టడం వల్ల ఆ ఊడలు పెరుగుతాయి, అదీ సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు చొప్పున. అయితే ఆ పెరుగుదల పైపొరగా పేరుకునేదే తప్ప రాయి లోపలి నుంచి ఉబ్బడం కాదు. నంది మీద అటువంటి పొర పేరుకుంటే ముందుగా కనుమరుగయ్యేది శిల్పి ఉలిపనే: మెడలోని గంటల వరుస, పట్టెడలు, గంగడోలు మడతలు మూసుకుపోయి విగ్రహం మొద్దుబారాలి. శిల్పం శిల్పంగానే నిలిచి, ప్రతి అలంకారమూ తన కొలతకు తగినట్టు దామాషాగా పెద్దదవుతోందంటే అది పదార్థం చేసే పని కాదు. రాతిలోని కొన్ని ఖనిజాలు నీరు పీల్చి ఉబ్బే మాట వాస్తవమే. కాని అలా ఉబ్బిన రాయి పగులుతుంది, పెచ్చులూడుతుంది. సందేశం కొన్ని రూపాలలో రుమేనియాలోని కోస్తెష్టి గ్రామపు ‘పెరిగే రాళ్ల’ను ఉదాహరణగా చూపుతుంది. అవి లక్షల ఏళ్ల కిందట ఇసుక పొరల లోపల ఖనిజాలు సిమెంటులా పట్టుకోవడం వల్ల ఏర్పడిన గుండ్లు. వాన కురిసినప్పుడల్లా పెరుగుతాయన్నది అక్కడి జనశ్రుతి మాత్రమే.

స్తంభం సంగతి. ఒకప్పుడు నంది చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని, ఇప్పుడు సందు చాలడం లేదని పెద్దలు చెప్పే మాటను నేను అబద్ధమనను. అయితే చిన్నప్పుడు దూరి వెళ్లిన సందులో పెద్దయ్యాక పట్టకపోవడానికి విగ్రహమే పెరగనవసరం లేదు. పునాది కుంగినా, స్తంభం ఒరిగినా, మరమ్మతులలో రాళ్లు చేర్చినా సందు తగ్గుతుంది. ఒక ఖాళీ తగ్గిందంటే దాని రెండు వైపులలో ఏది కదిలిందో ముందు తేలాలి.

నన్ను ఎక్కువగా బాధించేది కాలజ్ఞానాన్ని ఈ అంగుళాల లెక్కకు కట్టివేయడం. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ గారి ఇంట పశువులు కాస్తూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని సంప్రదాయం చెబుతుంది. యాగంటిలోనూ ఆయన పేరిట గుహ ఉంది. బసవన్న అంతకంతకు పెరిగి కలియుగాంతాన లేచి రంకె వేస్తాడన్న మాటను ఈ నేల ప్రజలు ధర్మం క్షీణించిన రోజున మూగరాయి సైతం ఊరుకోదన్న హెచ్చరికగా తరతరాలుగా చెప్పుకున్నారు. సందేశం వేసిన లెక్కనే పట్టుకుంటే ఏమవుతుందో చూడండి. కలియుగం 4,32,000 సంవత్సరాలు. సంప్రదాయ గణన ప్రకారం క్రీ.పూ. 3102లో మొదలై ఐదు వేల ఏళ్లు దాటాయి కనుక ఇంకా దాదాపు 4,27,000 ఏళ్లు మిగిలి ఉన్నాయి. ఇరవై ఏళ్లకు అంగుళం చొప్పున బసవన్న మరో 1,780 అడుగులు పెరగాలి. బ్రహ్మంగారి వాక్కును ఇటువంటి గుణకారానికి అప్పగించడం ఆయనను గౌరవించడం కాదు.

కాకుల విషయం ఎక్కువ చర్చకు తగినది కాదు. అగస్త్యుడి తపస్సుకు కాకాసురుడు భంగం కలిగించగా ఆయన కాకులు ఇక్కడికి రాకూడదని శపించాడని, కాకి వాహనంగా గల శనీశ్వరుడు అందువల్లనే ఈ క్షేత్రంలో అడుగుపెట్టడని స్థలపురాణం. శనిదోష భయంతో వచ్చే భక్తుడికి ధైర్యం చెప్పే కథ అది. ఎవరో ఒక కాకిని ఫొటో తీసినంత మాత్రాన ఆ కథ కూలిపోదు, కాకి కనబడనంత మాత్రాన శాస్త్రం ఓడిపోదు.

ఈ సందేశాన్ని ఇకపై పంపదలచినవారు ధ్రువీకరణ వాక్యాన్ని తొలగించి, అది వదిలేసిన కథలను చేర్చితే మేలు. అగస్త్యుడు వేంకటేశ్వరుడిని ప్రతిష్ఠించదలిస్తే విగ్రహపు కాలిగోరు విరిగిందని, లోపమున్న మూర్తి ప్రతిష్ఠకు పనికిరాదు కనుక ఆయన శివుడిని ప్రార్థించాడని, శివుడు లింగరూపంలో గాక ఉమాసమేతుడై ఒకే శిలలో వెలిశాడని ఇక్కడివారు చెబుతారు. ఆ వేంకటేశ్వరుడు నేటికీ కొండగుహలో దర్శనమిస్తాడు. పులి ఎదురైతే శివుడే వచ్చాడని పొంగిపోయిన చిట్టెప్ప అనే భక్తుడి కథ కూడా ఈ కొండదే. నంది నోటి నుంచి పుష్కరిణిలోకి జాలువారే ఊటనీటిలో స్నానం చేసి ఉమామహేశ్వరుడిని దర్శించుకునే భక్తుడికి బసవన్న నిరుటి కంటే ఎంత పెరిగాడన్న లెక్కతో పని లేదు.