లాభంలో వాటా కావాలి, నష్టం మాత్రం నీ ఖర్మ!

ఆదాయపు పన్ను రిటర్నుల గడువు దగ్గర పడే రోజుల్లో విజయవాడ గవర్నర్‌పేటలో ఏ ఆడిటర్ ఆఫీసు మెట్లెక్కినా ఒకటే సీను. పాత ఖాతాదారుల మధ్య పాతికేళ్ల కుర్రాళ్లు కూర్చుని ఉంటారు. చేతిలో ఫైలుండదు, ఫోన్లో నలభై పేజీల పీడీఎఫ్ ఉంటుంది. అందులో ఎరుపు రంగు అంకెలే ఎక్కువ. "సార్, నాకు మొత్తం మీద లాసే వచ్చింది, ట్యాక్స్ ఎందుకు చూపిస్తోంది?" అని అడుగుతారు. ఆడిటర్ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంటాడు. చట్టం అలా ఉంది మరి, ఆయన మాత్రం ఏం చెప్తాడు?

లెక్క చూడండి. ఆటోనగర్‌లో నెలకు 50 వేల జీతం మీద పనిచేసే సూపర్‌వైజర్ అనుకుందాం. పొద్దున కొని మధ్యాహ్నం అమ్మే ఇంట్రాడేలో 80 వేలు పోగొట్టుకున్నాడు. నాలుగు నెలలు ఉంచుకుని అమ్మిన షేర్లలో 50 వేలు మిగిలాయి. అంటే ఏడాది మొత్తం మీద ఇంట్లోంచి 30 వేలు పోయాయి. చట్టం మాత్రం ఈ రెండూ వేర్వేరు అంటుంది. ఇంట్రాడే నష్టం స్పెక్యులేషన్ (సట్టా వ్యాపారం) కాబట్టి దాన్ని స్పెక్యులేషన్ లాభంతోనే సర్దుకోవాలి. ఆ 50 వేల మీద మాత్రం 20 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 10,400 కట్టాలి. డబ్బు పోయిందన్న బాధ ఒక ఎత్తు, పోగొట్టుకున్నందుకు పన్ను కట్టడం ఇంకో ఎత్తు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

"12 లక్షల దాకా పన్నే లేదు కదా, ఇంకా ఏం గొడవ?" అంటారు ఢిల్లీ పెద్దలు. నిజమే, జీతానికి లేదు. ఆ సూపర్‌వైజర్ జీతం మీద పడే పన్నంతా రిబేటులో, అంటే పన్ను మాఫీలో, కొట్టుకుపోతుంది. కానీ ఆ రిబేటు 20 శాతం పడే షేర్ల లాభానికి వర్తించదని 2025 బడ్జెట్‌లో స్పష్టంగా రాసి మరీ తలుపు మూశారు. అసలు జూదమాడమని ఎవరన్నారు అనే వాళ్లూ ఉన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు, ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, అంటే షేర్ల రేపటి ధర మీద వేసే పందేలు) జోలికి పోవద్దని ఈ పత్రిక కూడా చాలాసార్లు మొత్తుకుంది. అయితే జూదమే అయితే ఆపండి. ఆపకుండా, గెలిచిన చేతిలోంచి వాటా తీసుకుంటూ ఓడిన చేతికి నీతులు చెప్తే వినడానికి మేం సిద్ధంగా లేం.

ఎవరి నష్టం గురించి మాట్లాడుతున్నామో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ లెక్కలే చెబుతున్నాయి. 2024-25లో ఎఫ్‌అండ్‌ఓలో విడి వ్యక్తుల నికర నష్టం 1,05,603 కోట్లు. ఆడినవాళ్లలో 91 శాతం మంది పోగొట్టుకున్నవాళ్లే. అంతకుముందు ఏడాది ట్రేడర్లలో నాలుగింట మూడొంతుల మందికి పైగా ఏడాది ఆదాయం 5 లక్షల లోపే. వీళ్లకు లాభమొచ్చినా మునిగినా, ఎస్‌టీటీ (లావాదేవీ మీద వేసే పన్ను) మాత్రం అమ్మిన ప్రతిసారీ ఖజానాకు చేరుతూనే ఉంది. 2024 అక్టోబరులో ఒకసారి పెంచారు, 2026 బడ్జెట్‌లో మళ్లీ పెంచారు. గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోయిన రోజు కూడా కమీషన్ ఆగదు, అది అందరికీ తెలిసిన సంగతే. కానీ కమీషన్ తీసుకున్న ఏజెంటే వచ్చి, రైతుకు మిగిలిన రోజు లాభంలో ఐదో వంతు కూడా ఇమ్మని, మునిగిన రోజు మాత్రం నువ్వెవరో నాకు తెలియదంటే యార్డులో ఊరుకుంటారా?

అసలు మోసం, అవును ఆ మాటే వాడుతున్నాం, నష్టాన్ని లాభంలోంచి తీసేసే సర్దుబాటు దగ్గరుంది. అరండల్‌పేటలో రూము తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాడు, సంపాదన లేదు. ఇంట్లో ఇచ్చిన డబ్బుతో షేర్లు కొని ఏడాది తిరక్కుండా అమ్మి లక్ష పోగొట్టుకున్నాడు. ఎవరో చెప్తే గడువులోపు రిటర్ను వేశాడు, నష్టం 8 ఏళ్ల దాకా నిలబడుతుంది, వచ్చే లాభాల్లో సర్దుకోవచ్చన్నారు, బాగానే ఉంది. రెండో ఏడాది అలాగే లక్ష లాభం. వేరే ఆదాయం లేదు, 4 లక్షల కనీస మినహాయింపు పరిమితి లోపు కాబట్టి ఎలాగూ పన్ను పడదు. అయినా పాత నష్టాన్ని తెచ్చి ఆ లాభంలో కలపాల్సిందే, వద్దనే హక్కు లేదు. పన్నే లేని చోట నష్టం హారతి కర్పూరంలా కరిగిపోయింది. మూడో ఏడాది ఉద్యోగమొచ్చింది, ఆరు లక్షల జీతం, షేర్లలో మళ్లీ లక్ష లాభం. ఇప్పుడు 20,800 కట్టమంటారు. నా పాత నష్టమేది అంటే, పోయినేడే వాడేసుకున్నావుగా అంటారు. వాడుకున్నది అతనా?

అదే లక్ష నష్టం బందరు రోడ్డులో బిల్డింగు అద్దెకిచ్చిన పెద్దమనిషికి ఎఫ్‌అండ్‌ఓలో వచ్చిందనుకోండి, ఎఫ్‌అండ్‌ఓ నష్టానికి ఆ వీలుంది కాబట్టి అద్దె ఆదాయంలోంచి తీసేసుకుంటాడు, 30 శాతం శ్లాబులో ఉన్నాడు కాబట్టి 31,200 పన్ను మిగులుతుంది. పటమటలో డిపాజిట్ల మీద ఏడాదికి వచ్చే రెండు లక్షల వడ్డీతో బతికే ఆవిడ ఖాతాలో కొడుకు ఎఫ్‌అండ్‌ఓ ఆడి లక్ష పోగొడితే (ఇలాంటి కొడుకులు ఈ ఊళ్లో తక్కువేం లేరు) అదీ ఆమె వడ్డీలోంచి తీసేస్తారు. ఆ వడ్డీ మీద ముందే పన్ను లేదు. ఆమెకు మిగిలింది సున్నా, వచ్చే ఏడాదికి తీసుకెళ్లేదీ సున్నా. ఉన్నవాడి నష్టానికి సర్కారు మూడో వంతు దాకా భరిస్తుంది, లేనివాడి నష్టాన్ని కాగితం మీద కూడా మిగల్చదు.

ఇంకా ఒకటుంది. ఆదాయం పరిమితి లోపు ఉంటే రిటర్ను వేయక్కర్లేదని చెప్పేదీ వీళ్లే. ఆ మాట నమ్మి వేయకుండా ఊరుకుంటే, గడువులోపు వేయలేదు కాబట్టి నీ నష్టం చెల్లదనేదీ వీళ్లే. డిసెంబరులో ఆలస్యంగా వేసుకోవచ్చు, తీసుకుంటారు, నష్టం మాత్రం ముందుకు తీసుకెళ్లనివ్వరు. ఏ సంపాదనా లేనివాడు రిటర్ను ఎందుకు వేస్తాడు? వేయాలని వాడికి చెప్పిందెవరు? షేర్లు అమ్మితే మాత్రం ఆ లెక్క ఏఐఎస్‌లో (మన లావాదేవీలను పన్ను శాఖ చూపించే వార్షిక పట్టీలో) ముందే ఎక్కి కూర్చుంటుంది. కొనుగోళ్లు, అమ్మకాలు అంత బాగా తెలిసిన వ్యవస్థకు నష్టమెంతో తెలియదంటే నమ్మాలా?

ఈ ధోరణి ఎటు పోతుందో క్రిప్టోలో చూశాం. 2022 ఏప్రిల్ నుంచి ఒక కాయిన్‌లో 20 వేలు వచ్చి ఇంకో కాయిన్‌లో 50 వేలు పోయినా, వచ్చిన 20 వేల మీద 30 శాతం కట్టాల్సిందే. ఆ ఏడాది ఇంకే ఆదాయమూ లేకపోయినా సరే. లాభానికే లెక్క, నష్టానికి లెక్కే లేదు అనే పద్ధతి అక్కడ అలవాటైపోయింది, ఎవరూ గట్టిగా అడగలేదు. అడగకపోతే రేపు మామూలు షేర్లకూ అదే తెస్తారన్నది మా భయం.

కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 5 లక్షలకు పైగా ఉన్న పదాలను 2.6 లక్షలకు తగ్గించాం, 819 సెక్షన్లను 536 చేశాం అని ఎంత గొప్పగా చెప్పుకున్నారు! అన్ని పదాలు కోసినవాళ్లు ఈ సర్దుబాటు ముడిని మాత్రం విప్పకుండా అలాగే కొత్త పుస్తకంలోకి ఎక్కించారు. ఎంత నష్టం ఈ ఏడాది వాడుకోవాలో, ఎంత దాచుకోవాలో పన్ను కట్టేవాడే చెప్పుకునేలా ఫారంలో ఒక గడి పెట్టండి. పరిమితి లోపు ఆదాయమున్నవాడికి ఆలస్యమైనా నష్టం నిలబడనివ్వండి. ఇంట్రాడేలో పోయినదాన్ని షేర్లలో వచ్చినదానితో కలపనివ్వండి. దీనికి కమిటీలక్కర్లేదు, నాలుగు వాక్యాలు చాలు. 2.6 లక్షల పదాలు రాయడానికి తీరిక దొరికిన ఆర్థిక శాఖకు ఇంకో నాలుగు వాక్యాలు రాయడానికి చేతులు రావడం లేదంటే, రాయడం ఇష్టం లేదనే మేం అనుకుంటాం.