క్వెరీ ఫెయిలైతే "డేటా లేదు" అని చూపించడం ఇకనైనా ఆపుదాం

వెబ్ డెవలపర్లందరికీ, ముఖ్యంగా కొత్తగా ఉద్యోగాల్లో చేరిన తమ్ముళ్లకి చెల్లెళ్లకి చాలా రోజుల్నుంచి చెప్పాలనుకుంటున్న మాట ఇది. డేటాబేస్‌కి క్వెరీ, అంటే ఫలానా డేటా కావాలని అడిగే ప్రశ్న, పంపడం అందరికీ వచ్చు. జాయిన్లు రాస్తారు, ఇండెక్స్‌లు పెడతారు, ఇంటర్వ్యూలో సెకండ్ హయ్యెస్ట్ శాలరీ అడిగితే టకటకా రాసేస్తారు. కానీ ఆ క్వెరీ నుంచి తిరిగొచ్చిన దాన్ని ఏం చేయాలో మాత్రం ఎవరూ సరిగ్గా నేర్పట్లేదు. అమీర్‌పేట్ క్లాసైనా యూట్యూబ్ వీడియో అయినా అంతే, రిజల్ట్ వచ్చింది, లూప్ తిప్పాం, టేబుల్‌లో ప్రింటైంది, నెక్స్ట్ టాపిక్. మరి రిజల్ట్ రాకపోతే?

రాకపోవడంలో రెండు రకాలున్నాయండి. ఒకటి, డేటాబేస్ మొత్తం వెతికి మీరడిగింది నా దగ్గర లేదు అని చెప్పడం. ఇంకోటి, అసలు వెతకనే లేదు, కనెక్షన్ దొరకలేదు, టైమౌట్ అయింది, కాలమ్ పేరు తప్పు, ఏదో ఒకటి. మొదటిది జవాబు, రెండోదాంట్లో మనకి జవాబే రాలేదు. మన కోడ్‌లోకి వచ్చేసరికి రెండూ కలిసి ఒకే ఖాళీ అర్రే (లిస్ట్) అయిపోతున్నాయి, స్క్రీన్ మీద "రికార్డులు లేవు" అని పడుతోంది. కొట్టు మూసుంటే చూసొచ్చి ఇంట్లో పంచదార స్టాక్ లేదంట అని చెప్పినట్టుంది ఇది.

ఇదంత పెద్ద విషయమా అంటారేమో. ఇంటర్ రిజల్ట్స్ రోజు ఊహించుకోండి, లక్షల మంది పిల్లలు ఒకేసారి నంబర్ కొడతారు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఒకేసారి అనుమతించే కనెక్షన్ల డిఫాల్ట్ 151, దాన్ని ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే అది నిండగానే మిగతా వాళ్లందరికీ టూ మెనీ కనెక్షన్స్ ఎర్రర్. ఆ ఎర్రర్‌ని కోడ్ మింగేసి "ఈ హాల్ టికెట్ నంబర్ మా దగ్గర లేదు" అని చూపిస్తే ఆ పిల్ల ఏమైపోవాలి? సర్వర్ బిజీగా ఉంది అంటే ఇంకో పది నిమిషాలాగి చూసుకుంటుంది. నీ నంబరే లేదు అంటే ఇంట్లో అందరికీ గుండె జారిపోతుంది. పెన్షన్ లిస్టు, రేషన్ కార్డు, ఆస్పత్రి రిపోర్టు, ఎక్కడైనా ఇదే కథ, లేదు అని కంప్యూటర్ చెప్తే కౌంటర్‌లో మనిషి కూడా లేదనే చెప్తాడు, వచ్చిన పెద్దాయన ఇంకేం అడుగుతాడు, తిరిగెళ్లిపోతాడు.

ఈ అలవాటు ఎక్కడ్నుంచి వచ్చిందంటే, మనలో చాలామంది మొదట నేర్చుకున్న పీహెచ్‌పీ భాష నుంచి కూడా వచ్చింది. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లలో క్వెరీ ఫెయిలైతే ప్రోగ్రామ్ ఆగదు, ఫాల్స్ అని ఒక విలువ తిరిగొస్తుంది అంతే. దాన్ని చూడకుండా తీసుకెళ్లి వరసలు తీసే ఫెచ్ ఫంక్షన్‌లో పెడితే రిసోర్స్ ఉండాల్సిన చోట బూలియన్ ఇచ్చారు అని వార్నింగ్ పడేది, ఆ వార్నింగ్ కనపడకుండా ముందు ఎట్ (@) గుర్తు పెట్టేవాళ్లు, అయిపోయింది, పేజీ ఖాళీ. ఆ ఫంక్షన్లని 2015లో పీహెచ్‌పీ 7తో తీసేశారు, సంతోషం. కానీ డేటాబేస్‌తో మాట్లాడటానికి వాటి బదులు వాడమన్న పీడీఓ కూడా చాలా ఏళ్లు డిఫాల్ట్‌గా నోరు మెదపకుండానే ఉండేది, మనమే ఎర్రర్ మోడ్ సెట్ చేస్తే తప్ప ఎక్సెప్షన్ (పట్టుకోకపోతే ప్రోగ్రామ్‌ని ఆపేసే ఎర్రర్) వేసేది కాదు. 2020లో పీహెచ్‌పీ 8.0 వచ్చాకే అది మారింది, అలాంటిదే ఇంకోటి మైఎస్‌క్యూఎల్ఐకి అయితే 2021లో 8.1 దాకా ఆగాల్సొచ్చింది. అన్నేళ్లలో రాసిన కోడ్ అంతా ఇంకా ఎక్కడెక్కడో నడుస్తూనే ఉంది, దాన్ని చూసి కాపీ కొట్టిన కోడ్ కూడా.

ఇప్పుడు ఎక్సెప్షన్లు వస్తున్నాయి కదా అంటే, వాటిని మనం ఏం చేస్తున్నాం? ట్రై పెట్టి, ఎర్రర్‌ని పట్టుకునే క్యాచ్‌లో ఖాళీ అర్రే రిటర్న్ చేస్తున్నాం. నాకు అన్నిటికంటే కోపం తెప్పించే లైన్ అదే. పీహెచ్‌పీ తన పద్ధతి మార్చుకుని మరీ మనకి హెచ్చరిక ఇస్తుంటే దాన్ని మనం చేత్తో నొక్కేస్తున్నాం. పైగా ఆ ఖాళీ అర్రేని రెడిస్‌లో గంట సేపు క్యాష్ చేస్తారు, అంటే మళ్లీ అడక్కుండా అదే చూపించేలా దాచిపెడతారు, డేటాబేస్ రెండు సెకన్లలో కోలుకున్నా సైట్ మాత్రం గంట సేపు అబద్ధం చెప్తూ ఉంటుంది. ఇంకా భయంకరమైనది రెండు సిస్టమ్‌ల డేటాని ఒకేలా ఉంచడానికి రాత్రిపూట నడిచే సింక్ జాబ్‌లు. అసలు సిస్టమ్ నుంచి యూజర్ల లిస్ట్ తెచ్చుకుని ఆ లిస్ట్‌లో లేనివాళ్లని ఇక్కడ డిలీట్ చెయ్ అని రాస్తారు. తెచ్చుకునే క్వెరీ ఫెయిలై లిస్ట్ ఖాళీగా వస్తే? అందరూ లేనివాళ్లే. తెల్లారేసరికి టేబుల్ ఊడ్చిపెట్టుకుపోతుంది.

సగం రిజల్ట్ ఇంకో తలనొప్పి. గో భాషలో వరసలు ఒక్కోటీ చదివే లూప్ డేటా అయిపోయినా ఆగుతుంది, మధ్యలో కనెక్షన్ తెగినా ఆగుతుంది, రెండూ ఒకేలా కనిపిస్తాయి. లూప్ తర్వాత రోస్ డాట్ ఎర్ (rows.Err()) అని ఒకసారి అడిగితేనే ఏం జరిగిందో తెలుస్తుంది, ఆ ఒక్క లైన్ ఎంతమంది రాస్తున్నారు? మైఎస్‌క్యూఎల్‌లో చాలా వరసల విలువల్ని ఒకే ముక్కగా కలిపే గ్రూప్ కన్‌కాట్ వాడేవాళ్లకి కూడా చెప్తున్నా, దాని డిఫాల్ట్ హద్దు 1024 బైట్లు, దాటితే ఎర్రర్ ఇవ్వదు, వార్నింగ్ పెట్టి తోక కోసేస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగుకి ఒక్కో కోడ్ పాయింట్‌కి (కంప్యూటర్ లెక్కలో ఒక్కో గుర్తుకి) 3 బైట్లు, గుణింతం ఒకటి, పొల్లు ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కే. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ చేస్తే బాగానే ఉంటుంది, తెలుగు పేర్లు పడేసరికి అందులో మూడో వంతుకే లిస్ట్ తెగిపోతుంది.

తెలుగు అంటే గుర్తొచ్చింది, క్వెరీ బాగానే నడిచి డేటాబేస్ "లేదు" అన్నా సరే నమ్మడానికి లేని సందర్భాలు మనకి ఎక్కువ. "ప్రసాద్" అని కొందరు టైప్ చేస్తే చివర కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే క్యారెక్టర్ పడుతుంది, కొందరికి పడదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా ఈక్వల్ పెట్టి వెతికితే రెండూ వేరే పేర్లు, మనిషి ఉన్నా దొరకడు. సేవ్ చేసేటప్పుడే పేరు చివరున్న ఆ క్యారెక్టర్ తీసేసి, వెతికేటప్పుడూ అదే చేస్తే ఈ గొడవ తప్పుతుంది. అలాగే ఫలానా లిస్ట్‌లో లేనివి ఇవ్వు అని అడిగే నాట్ ఇన్ లోపల సబ్‌క్వెరీ పెట్టినప్పుడు అందులో ఒక్క నల్ (విలువ లేని గడి) ఉన్నా మొత్తం రిజల్ట్ సున్నా వరసలు, ఎర్రర్ ఏమీ ఉండదు. దాని బదులు నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి.

ఫ్రంటెండ్ వాళ్లు మాకు సంబంధం లేదనుకోవద్దు. సర్వర్ నుంచి డేటా తెచ్చే జావాస్క్రిప్ట్ ఫెచ్ అనేది సర్వర్ 500 (నా దగ్గర తప్పు జరిగింది అనే కోడ్) పంపినా ఫెయిలైనట్టు లెక్కేయదు, రెస్పాన్స్ ఓకేనా కాదా అని మనమే చూసుకోవాలి. చూడకుండా, డేటా లేకపోతే ఖాళీ లిస్ట్ అనుకో అని ఒక ఆర్ (||) గుర్తు పెట్టి ముందుకెళ్లిపోతే బ్యాకెండ్ వాళ్లు ఎంత జాగ్రత్తగా రాసినా చివర్లో మళ్లీ అదే "ఆర్డర్లు ఏమీ లేవు". లోడింగ్, ఫెయిల్, ఖాళీ, డేటా, ఈ నాలుగూ నాలుగు స్క్రీన్లు. డిజైన్ ఇచ్చేవాళ్లని కూడా నాలుగూ అడగండి, మొహమాటం వద్దు.

యూజర్‌కి ఎర్రర్ చూపిస్తే బాగోదు సార్ అని మేనేజర్లు అంటారు, నిజమే, ఎస్‌క్యూఎల్ ఎర్రర్ మెసేజ్ అలాగే తీసుకెళ్లి స్క్రీన్ మీద పెట్టమని ఎవరూ అనట్లేదు, అది పెట్టకూడదు కూడా, టేబుల్ పేర్లన్నీ బయటపడతాయి. అసలు ఎర్రర్ లాగ్‌లోకి వెళ్లాలి, బయటికి 503 స్టేటస్ (సర్వీస్ ఇప్పుడు అందుబాటులో లేదు అనే కోడ్) వెళ్లాలి, స్క్రీన్ మీద "ఇప్పుడు వివరాలు తేలేకపోతున్నాం, కాసేపాగి మళ్లీ చూడండి" అని తెలుగులో ఒక ముక్క ఉంటే చాలు. అది చూసి ఎవరూ తిట్టుకోరు, తిట్టుకున్నా పర్లేదు, తన పేరు లిస్టులోంచి తీసేశారని భయపడటం కంటే నయం.

మీ ప్రాజెక్ట్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే పెద్ద టూల్స్ ఏమీ అక్కర్లేదు. ఈరోజే మీ లాప్‌టాప్‌లో యాప్ రన్ చేసి, లాగిన్ అయ్యి, ఆ తర్వాత డేటాబేస్ సర్వీస్ ఆపేయండి. ఇప్పుడు మెనూలో ఉన్న ఒక్కో పేజీ ఓపెన్ చేసి చూడండి. ఎర్రర్ పేజీ వచ్చినవి పక్కన పెట్టండి. "రికార్డులు లేవు", "బ్యాలెన్స్ 0", "నోటిఫికేషన్లు లేవు" అని ప్రశాంతంగా చూపించే పేజీలుంటాయి చూడండి, వాటికి ఒక్కోదానికి ఒక్కో టికెట్ రాసి ఈ స్ప్రింట్‌లోనే (ఇప్పుడు నడుస్తున్న పని విడతలోనే) పెట్టించండి.