యూనివర్సిటీ పేరు కాదు, ఆఖరి కాలమ్ చూడండి

విదేశీ చదువుకు సిద్ధమవుతున్న ఒక కుర్రాడి ఎక్సెల్ షీట్ ఈమధ్య చూశాను. పదకొండు యూనివర్సిటీలు, ఒక్కోదాని ఎదురుగా ఫీజు, స్కాలర్‌షిప్, ర్యాంకు, ఇంటద్దె. ఆఖరి కాలమ్‌లో మాత్రం యూనివర్సిటీ చేతిలో లేని అంకె: చదువయ్యాక ఆ దేశంలో ఎన్ని నెలలు ఉండనిస్తారు? జాబితా మొత్తాన్ని పేర్చింది ఆ అంకె ప్రకారమే. కోర్సులో ఏం చెబుతారన్న దానికి కాలమే లేదు.

ఎందుకు వెళ్తున్నావంటే ఎవరైనా 'మంచి చదువు కోసం' అనే అంటారు. అది అబద్ధమేమీ కాదు. వీసా అధికారి ముందు చెప్పాల్సిన జవాబు కూడా అదే కాబట్టి నోటికి అలవాటైపోతుంది. కానీ బ్రిటన్‌లో జరిగింది చూడండి. చదువు తర్వాత రెండేళ్లు ఉద్యోగం చేసుకునే వీసాను 2012లో ఎత్తేశారు. అక్కడి ప్రొఫెసర్లు, ల్యాబులు, లైబ్రరీలు ఎక్కడికీ పోలేదు. అయినా భారత్ నుంచి వెళ్లేవారి సంఖ్య కొన్నేళ్లలోనే సగానికి పైగా పడిపోయింది. 2021లో గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో ఆ వెసులుబాటు తిరిగొచ్చాక మళ్లీ వరుస కట్టారు.

ఈ సంగతి యూనివర్సిటీలకూ బాగా తెలుసు. అమెరికాలో డిగ్రీ తర్వాత 12 నెలలు పనిచేయొచ్చు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సైతే మరో 24 నెలలు. అక్కడి చాలా యూనివర్సిటీలు తమ ఎకనామిక్స్ డిగ్రీని స్టెమ్ లెక్కలోకి వచ్చే ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక విషయాల గణాంక విశ్లేషణ) కోర్సు కోడ్ కిందికి మార్చుకున్నాయి. ఒక్క కోడ్ మారితే రెండేళ్లు కలిసొస్తాయన్నమాట!

ఫీజు ప్రభావం చెప్పనక్కర్లేదు. ఐరోపా బయటి విద్యార్థులకు స్వీడన్ 2011లో ఫీజులు పెట్టగానే వచ్చేవాళ్లు ఒక్కసారిగా తగ్గిపోయారు.

అలాగని 'వీళ్లు చదువుకు కాదు, వీసాకి వస్తున్నారు' అనే ఈసడింపును నేను ఒప్పుకోను. ఫీజు కట్టేది ఆ దేశపు కరెన్సీలో. అప్పు చేసి వెళ్లినవాడు సొంత దేశపు జీతంతో దాన్ని తీర్చాలంటే ఏళ్లు పడుతుంది. అక్కడ రెండేళ్లు సంపాదించే వీలుందా లేదా అన్నది అతనికి ఆశ కాదు, వాయిదాల లెక్క.

ఈ లెక్కలన్నిటినీ ఒక్క ఫోన్‌కాల్ తలకిందులు చేయగలదు. ముందే వెళ్లిన సీనియర్ 'మా రూమ్‌లో ఒక బెడ్ ఖాళీ ఉంది, వచ్చెయ్' అంటే ర్యాంకు యాభై స్థానాలు కిందున్నా ఎవరూ పట్టించుకోరు. తెలియని ఊళ్లో దిగిన మొదటి రాత్రి ఎక్కడ పడుకోవాలో ఏ ర్యాంకూ చెప్పదు. ఇంట్లోవాళ్లకు ధైర్యం వచ్చేదీ ఆ మాటతోనే. కన్సల్టెన్సీ సలహా కన్నా దీనికే విలువెక్కువ, మంచిదే. చాలా కన్సల్టెన్సీలకు కమీషన్ యూనివర్సిటీల నుంచే అందుతుంది మరి.

చిక్కల్లా ఆ ఆఖరి కాలమ్ నిలకడ లేనిది కావడమే. స్టడీ పర్మిట్లకు కెనడా 2024లో పరిమితి పెట్టింది. అదే ఏడాది ఆస్ట్రేలియా విద్యార్థి వీసా ఫీజును 710 డాలర్ల నుంచి 1,600కు పెంచింది. 'నీ డిగ్రీ పూర్తయ్యేనాటికి ఈ అంకెలు ఇలాగే ఉంటాయా?' అని ఆ కుర్రాణ్ని అడిగాను. కాసేపు షీట్ వంక చూసి, సీనియర్‌ను కనుక్కుని చెబుతానన్నాడు.