ఆ ‘ఆరు చెడ్డ చేపల’ మెసేజ్ గురించి

పది రోజుల్లో ఒకే మెసేజ్ నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. మా వీధి గ్రూపు, పాత స్కూలు బ్యాచ్, మా చెల్లెలి అత్తగారు, చివరికి గ్యాస్ బండలు తెచ్చే కుర్రాడు. మా ఇంట్లో చేపల తొట్టెలున్నాయని విజయనగరంలో ఇంతమందికి తెలుసని నాకే తెలీదు. అందరూ "ఇది నిజమేనా?" అనే అడుగుతున్నారు. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ: "అక్వేరియం పెంచేవాళ్ళే అసహ్యించుకునే ఆరు చేపలు. గోల్డ్ ఫిష్ మురికిది, వారంలో చస్తుంది. సక్కర్ ఫిష్ రాత్రిళ్ళు మిగతా చేపల రక్తం తాగుతుంది. టైగర్ బార్బ్ పుట్టు రౌడీ. ఫైటర్‌కి గాజు గ్లాసు చాలు, పక్కన ఏది వేసినా చంపేస్తుంది. ప్యారట్ ఫిష్ జబ్బు చేప. పిరానా పిల్లలు వేలు కొరికేస్తాయి. ఇవి మీ ఇంట్లో ఉంటే దగ్గర్లోని చెరువులో వదలండి, ప్రాణం కాపాడిన పుణ్యం వస్తుంది." కింద దండం పెట్టే చేతుల బొమ్మ.

ఒప్పుకోవాల్సింది ముందే ఒప్పుకుంటాను. ఈ ఆరింటి పేర్లు చెబితే చాలాకాలంగా చేపలు పెంచుతున్నవాళ్ళు మొహం చిట్లించే మాట నిజం. నేనూ చిట్లిస్తాను. ఎందుకు అన్న దగ్గరే మెసేజ్ రాసినవాడు పప్పులో కాలేశాడు.

గోల్డ్ ఫిష్‌తో మొదలుపెడదాం. అది మురికి చేసే మాట నిజమే. దానికి కడుపు అనే సంచి ఉండదు, తిన్నది నేరుగా పేగులోకే పోతుంది. అందుకే రోజంతా తింటూనే ఉంటుంది, వదులుతూనే ఉంటుంది. వారంలో చావడం మాత్రం దాని గుణం కాదు. చేప వదిలే అమ్మోనియా దాని మొప్పల్నే కాల్చేస్తుంది. ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని మళ్ళీ అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో, అడుగు రాళ్ళ మీద పెరగాలి. కొత్త తొట్టెలో ఇది కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. మనమేం చేస్తాం? పొద్దున తొట్టె కొని సాయంత్రానికి నాలుగు చేపలు వేసేస్తాం. ఆదివారం వచ్చేసరికి నీళ్ళన్నీ పారబోసి, స్పాంజిని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండి, రాళ్ళు తోమి, క్లోరిన్ వాసన పోని నీళ్ళు మళ్ళీ నింపుతాం. అంటే ఆ కాస్త పెరిగిన బ్యాక్టీరియాని మన చేత్తోనే కడిగేసుకున్నాం. బుధవారం చేప తేలుతుంది. "గోల్డ్ ఫిష్ మాకు అచ్చిరాలేదండీ" అంటాం.

అచ్చిరావడం సంగతికొస్తే, ఇంగ్లండ్‌లో 1956లో ఒక జాతరలో బహుమతిగా గెలుచుకున్న టిష్ అనే గోల్డ్ ఫిష్ 1999 దాకా బతికింది. నలభై మూడేళ్ళు! మామూలు పొడుగు రకం సరిగ్గా పెరిగితే అడుగు దాకా అవుతుంది. అందుకే తెలిసినవాళ్ళకి గోల్డ్ ఫిష్ మీద కంటే గుండ్రటి గాజు గిన్నె మీద కోపం ఎక్కువ. ఆ గిన్నెలో పట్టేది మహా అయితే ఐదు లీటర్లు.

ఇక సక్కర్. దీని గురించి నా సొంత అనుభవం చెప్పాలి. మూడేళ్ళ క్రితం గాజు మీద నాచు పడుతోందని షాపులో చెప్పాను. అక్కడి కుర్రాడు కవర్లో ఒకటి వేసిచ్చాడు. "ఒక్క సక్కరు ఏసుకోండి మాస్టారూ, తొట్టె మీరు కడగక్కర్లేదు, అదే నాకేస్తాది." అప్పుడది రెండంగుళాలు. మొదటి ఆర్నెల్లు నిజంగానే నాకింది. తర్వాత నాచు మానేసి, మిగతా చేపలకి వేసిన గింజల కోసం కాచుకుని ఉండేది. అది వదిలే మలం నల్ల దారాల్లా అడుగంతా. తొట్టె కడగక్కర్లేదన్నది పోయి, వారానికి రెండుసార్లు కడిగే పనిపడింది.

ఒకరోజు ఏంజెల్ చేప ఒంటి మీద రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ కనిపించింది. రాత్రి లైటు తీసి, గంటాగి టార్చి వేసి చూశాను. సక్కర్ తన సున్నాలాంటి నోటిని ఏంజెల్ ఒంటికి అంటించి ఉంది. రక్తం తాగుతోందా? కాదు. చేప ఒంటి మీద జిగురు పొర ఉంటుంది, దాన్ని గీకి తింటోంది. కడుపు నిండని పెద్ద సక్కర్లు ఏంజెల్, గోల్డ్ ఫిష్ లాంటి నిదానంగా తిరిగే, ఒళ్ళు వెడల్పుగా ఉండే చేపల మీద ఈ పని చేస్తాయి. కీరదోస ముక్కో, ఉడికించిన బీరకాయో రాత్రిపూట వేస్తే చాలావరకు మానేస్తాయి. అయినా రెండడుగుల తొట్టెలో అడుగు దాటి పెరిగే చేపని పెట్టిన తప్పు నాదే, అమ్మిన తప్పు వాళ్ళది. దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన జాతి అది. మా తొట్టెలో వెనక్కి తిరగాలన్నా దాని తోక గాజుకి తగిలేది. నాచు కోసమే అయితే బ్రిసిల్‌నోస్ అనే చిన్నరకం ఉంది. అది నాలుగైదు అంగుళాల దగ్గర ఆగిపోతుంది.

టైగర్ బార్బ్ గురించి రెండు ముక్కలు చాలు. గుంపులో బతికే చేపని జంటగా కొంటే పక్కవాళ్ళ రెక్కలు కొరుకుతుంది. ఎనిమిదో పదో కలిపి ఉంచితే ఆ గొడవలు చాలావరకు వాటిలో వాటికే సరిపోతాయి. పొడుగు రెక్కల చేపల్ని మాత్రం ఎలాగూ వాటితో వెయ్యకూడదు.

ఫైటర్ విషయంలో మెసేజ్ సగం పొగిడి సగం తిట్టింది. రెండూ తప్పే. దీనికి మొప్పలతో పాటు గాలి పీల్చుకునే అవయవం ఇంకొకటి ఉంది. పైకొచ్చి ఒక గుక్క పీల్చి వెళ్తుంది, అందుకే గ్లాసులో వెంటనే చావదు. అంతమాత్రాన గ్లాసు చాలినట్టా? ఊపిరాడుతోంది కదా అని మనిషిని బీరువాలో పెట్టం. ఇరవై లీటర్లు, కాస్త మొక్క, గోరువెచ్చని నీళ్ళు ఉంటే దాని రంగే వేరు. రెండు మగవాటిని కలపకూడదు, అది నిజం. అడుగున తిరిగే కోరిడోరస్ లాంటి వాటి జోలికి చాలా ఫైటర్లు పోవు. థాయ్‌లాండ్ 2019లో దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. మన షాపుల్లో మాత్రం డిస్పోజబుల్ గ్లాసుల్లో వరసగా నిలబెడతారు. పెంచేవాళ్ళ చిరాకు ఆ వరస చూసే.

ప్యారట్ ఫిష్ దగ్గర మెసేజ్‌తో నాకు పెద్ద గొడవ లేదు, మాట తేడా తప్ప. అది జబ్బు చేప కాదు, మనిషి సంకరం చేసిన చేప. 1980లలో తైవాన్‌లో తయారైంది. నోరు పూర్తిగా మూసుకోదు, గొంతులో ఉన్న పళ్ళతో నలుపుకుని తినాలి. ఇది తెలిశాక చాలామంది కొనడం మానేశారు, నేనూ మానేశాను. ఇంతకంటే ఘోరం రంగు ఎక్కించిన చేపలు. మన దేశపు నీళ్ళలోనే ఉండే గ్లాస్ ఫిష్‌కి ఒళ్ళంతా అద్దం, లోపలి వెన్నెముక కనిపిస్తుంది. దానికి సూదితో గులాబీ, పచ్చ రంగులు పొడిచి అమ్ముతారు. నిజంగా అసహ్యించుకోవాల్సిన జాబితా రాస్తే నేను మొదట రాసేది ఇదే. మెసేజ్‌లో దీని ఊసే లేదు.

పిరానా మాటకి నవ్వొచ్చింది. ఎర్ర పొట్టతో షాపుల్లో "పిరానా" అని అమ్మే పిల్లల్లో ఎక్కువ భాగం పాకు చేపలు. పాకు అంటే ఎవరో కాదు, మన చేపల బజార్లో కిలోల లెక్కన తూచే రూప్‌చంద్. పెద్దదాని నోరు తెరిచి చూడండి, మన దవడ పళ్ళలాగే చదునుగా ఉంటాయి. అమెజాన్‌లో చెట్ల మీంచి నీళ్ళలో పడే పళ్ళూ గింజలూ నమలడానికి ఆ పళ్ళు. దీన్ని తొట్టెలో ఎవరూ ఇష్టపడకపోవడానికి కారణం వేలు కాదు, కిలోలు. ఏడాది తిరక్కుండా తొట్టెకి అడ్డంగా తయారవుతుంది.

ఇంతవరకూ ఉన్నవి తెలియక రాసిన తప్పులు. చెరువులో వదలమన్న చివరి వాక్యం మాత్రం అలా కాదు, అది నష్టం చేసేది.

గోల్డ్ ఫిష్‌ని పెద్దచెరువులో వదిలారనుకోండి, ఆ నారింజ రంగుతో అది కొంగకి పిలిచి పెట్టిన భోజనం. సక్కర్ సంగతి అందుకు పూర్తిగా వ్యతిరేకం. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. ఒంటి మీద కవచం, కొంగ మింగలేదు. గుడ్లు పెట్టడానికి గట్టులో బొరియలు తవ్వుతుంది. చెరువు గట్టు అంటే మన జిల్లాలో ఏమిటో రైతులకి చెప్పక్కర్లేదు. వలలో పడితే ముళ్ళతో వల చింపుతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల్లోని చెరువులు, జలాశయాల నీళ్ళు తీసి, అందులోని డీఎన్ఏ పరీక్షించి, ఇది ఇప్పటికే చాలా చోట్ల పాకిందని తేల్చారు. దక్షిణ అమెరికా నుంచి అదేమీ ఈదుకుంటూ రాలేదు.

"మరి దోమల కోసం ప్రభుత్వం వాళ్ళే చేపలు వదులుతారు కదా?" అని మా వీధి గ్రూపులో ఒక బాబాయ్ అడిగారు. ఆయన అడిగినది గంబూసియా. అదీ అమెరికా నుంచి తెచ్చిందే. ప్రపంచంలో అతి ఎక్కువ నష్టం చేసిన వంద పరాయి జాతుల జాబితాలో దాని పేరూ ఉంది బాబాయ్.

మరి వద్దనుకున్న చేపని ఏం చెయ్యాలి? పెద్ద తొట్టె ఉన్నవాళ్ళకి ఇవ్వండి, లేదా కొన్న చోటే తిరిగి ఇవ్వండి. చాలా షాపులవాళ్ళు డబ్బులివ్వరు గానీ తీసుకుంటారు. నా సక్కర్‌ని కిందటి నెల అలాగే ఇచ్చేశాను. పట్టడానికి అరగంట పట్టింది. వలలో వేసేసరికి రెక్కల ముళ్ళు విచ్చుకుని దారాల్లో చిక్కుకున్నాయి, కత్తెరతో వల కత్తిరిస్తే గానీ రాలేదు. మూత ఉన్న బకెట్లో వేసుకుని స్కూటర్ ముందు పెట్టుకెళ్ళాను. షాపు వెనక నీలం డ్రమ్ములో దాన్ని వదులుతుంటే అప్పటికే అందులో అంతంత సక్కర్లు మూడు కనిపించాయి. నాలాగే తిరిగిచ్చినవాళ్ళవి.

కుర్రాడు చేతులు తుడుచుకుంటూ, "ఇంకోటి ఇవ్వమంటారా మాస్టారూ, సిన్నదుంది" అన్నాడు.